చీర విసిరే చెయ్యి

"అక్కా, గిడ్డంగిలో నీ బొమ్మ దొరికింది" అన్నాడు మా తమ్ముడు రాంబాబు, నేను బస్సు దిగి కొట్టు ముందుకు వచ్చీ రాగానే. పాలకొల్లు బజారులో మా నాన్నగారి బట్టల కొట్టుకి వాడు కొత్త హంగులు చేయిస్తున్నాడు. నా చిన్నప్పటి నుంచీ కొట్టు నిండా పరిచి ఉండే పరుపులు, తెల్ల దుప్పట్లు ఊడదీసేసరికి సిగ్గుపడుతున్నట్టు వీధి అరుగు మీద ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. లోపల వడ్రంగులు గాజు కౌంటర్లు బిగిస్తున్నారు. ఆ పరుపుల్లోంచి గంజి, కలరా ఉండలు, సాంబ్రాణి కలిసిన వాసన ఒక్కసారిగా వచ్చి తగిలితే నేను అరుగు దగ్గరే ఆగిపోయాను. నా బొమ్మ అంటే ఏ పాత ఫొటోయో అనుకున్నాను. రాంబాబు నన్ను వెనక గిడ్డంగిలోకి తీసుకెళ్ళి, గోడకి ఆనించి ఉన్న పెద్ద చట్రం మీంచి గోనెపట్టా లాగాడు.

పక్కనున్న బట్టల మూట మీద కూర్చుండిపోయాను. ఆ చిత్రాన్ని నేను అంతకుముందు ఒక్కసారే చూశాను, రాజమండ్రిలో, పదేళ్ళ పైమాటే. దాన్ని గీసినావిడ మా ఊరు వదిలి వెళ్ళినప్పుడు తనతోపాటే తీసుకెళ్ళిపోయారని ఇన్నాళ్ళూ అనుకున్నాను. భీమవరంలో కాలేజీ లైబ్రరీలో పనిచేస్తూ, సెలవలకి వచ్చినప్పుడల్లా నేను నిద్రపోయే గదికి ఒక్క గోడ అవతల అది ఉందని నాకెవరూ చెప్పలేదు. అంతకంటే వింత ఏమిటంటే, అది నా బొమ్మ కాదు. ఎవరి బొమ్మో తెలిసినవాళ్ళం నలుగురమే. ఆ నలుగురిలో రాంబాబు లేడు.

అది చెప్పాలంటే ముందు పరుపుల సంగతి చెప్పాలి. పొద్దున్నే నాన్నగారు స్నానం చేసి, తడి తుండు భుజాన ఉండగానే కొట్టు తలుపులు తీసేవారు. గుమాస్తా సూరన్న సాంబ్రాణి ధూపం పట్టుకుని ప్రతి బీరువా ముందూ ఒక్క క్షణం నిలబడేవాడు, అందులో ఉన్న చీరలన్నీ పీల్చుకోవాలన్నట్టు. ఆ తరవాత పరుపుల మీద ఉతికిన దుప్పట్లు పరిచేవారు. దుప్పటి మీద మడత కనపడకూడదు, మరక కనపడకూడదు. బేరానికి వచ్చిన ఆడవాళ్ళు చెప్పులు మెట్ల కింద విడిచి, పరుపు అంచున సర్దుకుని కూర్చునేవారు. మంచినీళ్ళిచ్చి, ఊరి కబుర్లు రెండు అయ్యాకగానీ చీర మాట ఎత్తే అలవాటు లేదు. అప్పుడు నాన్నగారు ఒక మోకాలు పరుపుకి ఆనించి, రెండోది ఎత్తి, సగం లేచేవారు. మడతపెట్టిన చీరని ఎడమ చేత్తో గుండెకి ఆనించి, కుడి చేతిని ఒక్క విసురు విసిరేవారు. మడతలన్నీ గాలిలో విడిపోయి, చీర ఒక్క క్షణం అక్కడే నిలబడి, ఆ తరవాత కొంగు సరిగ్గా వచ్చినావిడ ఒళ్ళో పడేది. సూరన్న విసిరినా చీర విచ్చుకునేది కానీ పక్కనున్నవాళ్ళ ఒళ్ళో పడేది.

విసిరేటప్పుడు నాన్నగారు చీర వంక చూసేవారు కాదు. మెడ ఒక పక్కకి వాల్చి కొనేవాళ్ళ కళ్ళు చూసేవారు. చీర విచ్చుకున్న క్షణంలో ఆ కళ్ళు ఏం చేశాయో అదే బేరం, ఆ తరవాత మాటలన్నీ ఉత్తివే అనేవారు. కుర్రతనంలో మూటలు మోసి మోసి ఆయన ఎడమ భుజం కుడిదానికంటే బాగా దిగి ఉండేది. చీర గాలిలోకి లేచినప్పుడు ఆ భుజం ఇంకా కిందికి దిగి, మొత్తం మనిషి ఒక పక్కకి ఒరిగిన తెరచాపలా కనపడేవారు.

మా ఇంట్లో ఎవరికీ మనుషుల మొహాలు గుర్తుండేవి కావు. ఫలానా పేరంటానికి ఎవరెవరు వచ్చారని అమ్మ అడిగితే, మా కనకమ్మత్త పేర్లు చెప్పేది కాదు. చిలకపచ్చ మీద సన్నగళ్ళు, వంకాయరంగు మీద రుద్రాక్ష అంచు అని చెప్పేది. అమ్మకి వెంటనే అర్థమయ్యేది. అత్త నాన్నగారి చెల్లెలు, రాజమండ్రిలో ఇచ్చారు. ఆవిడకైతే పదేళ్ళ కిందట మా కొట్టులో ఎవరు ఏ చీర కొన్నారో కూడా తెలుసు. ఫొటోల్లో మనుషుల్ని సైతం అంచుని బట్టే పోల్చేవాళ్ళం. ఇది మాకు వింతగా అనిపించేది కాదు, కళ్ళున్నది అందుకే అనుకునేవాళ్ళం.

నా సంగతి వేరు. నాకు ఎవరివంకా తలెత్తి చూడాలంటే భయం. కొత్తవాళ్ళొస్తే గుమ్మం పక్కన నించుని వాళ్ళ పాదాలు, చేతులు, వాళ్ళు గ్లాసు అందుకునే తీరు చూసేదాన్ని. అడుగుల చప్పుడు విని ఎవరో చెప్పేసేదాన్ని. రాత్రి డైరీలో ఆ రోజు చూసిన చేతుల గురించి నాలుగు వాక్యాలు రాసుకునేదాన్ని. ఇంటర్ అయ్యాక కాలేజీలో చేర్చారు కానీ సంబంధం కుదిరితే మానిపించేస్తారని నాకూ తెలుసు, వాళ్ళకీ తెలుసు. అప్పటికే కనకమ్మత్త రాజమండ్రిలో ఒక సంబంధం చూసి పెట్టింది.

ఆ రోజుల్లో గిడ్డంగి మీద మేడగదిలో సుభద్ర టీచరు అద్దెకుండేవారు. ఆడపిల్లల హైస్కూల్లో డ్రాయింగు చెప్పేవారు. ముప్ఫై దాటినా పెళ్ళి కాలేదు, ఒక్కరే వండుకునేవారు, సెలవు రోజుల్లో మధ్యాహ్నం పూట కొట్టు వైపు కిటికీ రెక్క ఓరగా వేసుకుని కూర్చునేవారు. అమ్మకి ఇవేవీ నచ్చేవి కావు. కానీ ఆవిడ వేసిన లక్ష్మీదేవి పటం మా దేవుడి గదిలో ఉంది కాబట్టి ఊరుకునేది. నేను సాయంత్రాలు మేడ మీదికి వెళ్ళడానికి అనుమతి దొరికింది ఆ పటం వల్లనే. నేనూ దేవుళ్ళ పటాలు నేర్చుకుంటున్నానని అమ్మ అనుకుంది.

అక్కడ దేవుడి పటం ఒక్కటీ లేదు. టర్పెంటైను వాసన, గుడ్డపేలికలు, గోడ పొడుగునా బరువైన పుస్తకాలు. ఆవిడ చదువుకున్న రోజుల్లో కొనుక్కున్న ఆధునిక చిత్రకళ పుస్తకాలవి. మొదటిసారి తెరిచినప్పుడు ఏదో చూడకూడనిది చూసినట్టు మూసేశాను. నాట్యం చేసే మనుషులట. ఒకరికి చెయ్యి మూడుచోట్ల ఉంది, ఒకరికి కాళ్ళ బదులు రెండు గీతలు, ఒకరైతే మనిషే కాదు, ఎర్రటి సుడి. నేను భయపడటం చూసి సుభద్ర టీచరు నవ్వలేదు. నన్ను కిటికీ దగ్గరికి పిలిచి, పెరట్లో బట్టలు జాడిస్తున్న చాకలి మంగమ్మని చూపించి గీయమన్నారు. నేను కష్టపడి తల, మెడ, చేతులు, జాకెట్టు చేతుల కుట్టు కూడా గీశాను.

"మంగమ్మ బాగానే ఉంది. జాడించడం ఏదీ?" అన్నారు ఆవిడ.

"చేతిని గీయకు. చెయ్యి వెళ్ళిన దారి గీయి" అని, నా కాయితం తిరగేసి, మంగమ్మ చెయ్యి రాయి దగ్గర నుంచి ఆకాశంలోకి వెళ్ళి మళ్ళీ రాయి మీదికి దిగిన దారిని ఒకే ఒక్క గీతలో గీశారు. అందులో మంగమ్మ లేదు. కానీ చప్పుడు వినపడింది. ఆ సాయంత్రం నుంచీ నాకు ఇంట్లో అన్నీ దారులుగానే కనపడేవి. అమ్మ అట్టు తిరగేసే దారి, రాంబాబు మెట్లు దూకే దారి, సూరన్న ధూపం దారి. ఆడే మనిషిని పట్టుకోబోతే మనిషి చిక్కుతాడు, ఆట జారిపోతుంది అనేవారు టీచరు. ఆటని పట్టుకుంటే మనిషి మొహం పోతుంది, దానికి ఏడవకూడదు అనేవారు. ఆ మేడగది నాకు దూరమైతే మళ్ళీ గుమ్మం పక్కన నించోవడమే మిగులుతుందని నాకు రోజూ గుర్తొచ్చేది.

ఆ ఏడు ఎండాకాలంలో ఒక నేతగాడు తెచ్చిన మూటలో నెమలికంఠం రంగు చీర ఒకటి వచ్చింది. నాన్నగారు పరుపు మీద మోకాలు వేసి విసిరారు. చీర గాలిలో ఉండగానే ఆయన కళ్ళు ఎప్పుడూ లేనిది చీర మీద పడ్డాయి. రెండు అంచుల్లోనూ మామిడి పిందెల కొనలు లోపలికి చూడాలి. ఒక అంచులో పిందెలన్నీ తిరగబడి బయటికి చూస్తున్నాయి. నేతలో పొరపాటు. అలాంటిది కొట్టులో ఉంచడం ఆయనకి నామోషీ. అంతా చూసి, రంగు మాత్రం అద్భుతంగా ఉందని, ఇంట్లో కట్టుకోమని నాకిచ్చేశారు. అలాంటి చీర లోకంలో ఒక్కటే ఉంటుందని అమ్మా, అత్తా చాలాసార్లు నవ్వుకున్నారు.

ఆషాఢంలో బేరాలు తక్కువ. ఆ ఖాళీ రోజుల్లో ఒక మధ్యాహ్నం కనకమ్మత్త చెప్పాపెట్టకుండా బస్సు దిగింది. కాళ్ళు కూడా కడుక్కోకుండా నాన్నగారిని లోపలికి పిలిచి, వంటింటి గుమ్మంలో కూలబడింది. నేను తలుపు వెనక ఉన్నాను.

"చేనేత చీరల ప్రదర్శనంటే చూద్దామని వెళ్ళానన్నయ్యా. పక్క హాల్లో బొమ్మలు పెట్టారు. ఊరికినే కదాని తొంగిచూశాను. చూద్దును కదా, మన అమ్మడు."

అమ్మ చేతిలో గరిట ఆగిపోయింది. "అమ్మడేంటి వదినా?"

"ఆడుతోంది. మోకాలు ఇలా వంచి, చెయ్యి ఇలా చాచి, మెడ ఇలా వాల్చేసి. కింద నాట్యం అని రాసి కూడా పెట్టారు. మీ మేడ మీద టీచరుగారి పేరుంది."

నాన్నగారు అడిగారు, మొహం సరిగ్గా చూశావా అని.

"మొహం వెయ్యలేదన్నయ్యా. మొహం ఉండాల్సిన చోట ఉత్త రంగే. మొహం లేకపోతే మాత్రం, అంచు మనది కాదూ? పిందెలు తిరగబడే ఉన్నాయి."

ఇంకో ఇంట్లో అయితే ఈ మాటకి ఎవరో ఒకరు నవ్వేవారు. మా ఇంట్లో నవ్వు రాలేదు. అంచు మాది కావడం కంటే పెద్ద సాక్ష్యం మాకు లేదు. అమ్మ నా పెట్టెలోంచి ఆ చీర తెచ్చి అందరి మధ్యా నేల మీద పెట్టింది, నేనేదో చేసి దాచినట్టు. నేను మేడ మీద ఎవరి ముందు, ఎందుకు ఆడానో చెప్పమంది. నేను పెళ్ళిళ్ళలో హారతి పళ్ళెం పట్టుకుని నాలుగడుగులు నడవడానికే వణికేదాన్ని. నేను ఆడటమేమిటి? అసలు సుభద్ర టీచరు నా బొమ్మ వెయ్యడమేమిటి? ఆవిడ నాకు చెప్పకుండా, నేను చూడకుండా, నన్ను తీసుకెళ్ళి ఊరి జనం ముందు నిలబెట్టారా అన్న ఆలోచన నన్ను వదల్లేదు. అత్త చెప్పుకుపోతోంది. పెళ్ళివారు ఆ వీధిలోనే ఉంటారట. వాళ్ళ కంట పడిందా, సంబంధం సంగతి సరే, ఇంకెవరూ మన గడప తొక్కరు. రేపే టీచరుగారిని మేడ ఖాళీ చెయ్యమనండి, దీని చదువు కట్టిపెట్టండి అంది.

నాన్నగారు చూడకుండా ఏ సరుకూ వెనక్కి పంపే మనిషి కాదు. "రేపు పొద్దున్న నేనూ అమ్మడూ వచ్చి చూస్తాం" అన్నారు అంతే. ఆ రాత్రి నా డైరీలో ఒక్క ముక్కా రాయలేదు. టీచరుగారు ఆ వారమంతా ప్రదర్శన దగ్గరే, రాజమండ్రిలోనే ఉన్నారు. అడగడానికి మేడ మీద మనిషి కూడా లేదు.

మర్నాడు బస్సులో నాన్నగారు కిటికీ వైపు, నేను ఆయన పక్కన, అత్త మా వెనక. గోదావరి వంతెన మీద ఆయన అలవాటుగా చేతులు జోడించి దణ్ణం పెట్టారు, నేను మర్చిపోయాను. కడియం దగ్గర రోడ్డు పొడుగునా నర్సరీల్లో ఆడవాళ్ళు వరసగా వంగి మొక్కలకి నీళ్ళు పోస్తున్నారు. ఇంకో రోజైతే ఆ నీళ్ళు పడే దారిని చూస్తూ కూర్చునేదాన్ని. ఆ రోజు నాకు ఏ దారీ కనపడలేదు. ఇంక వెనక్కి వెళ్ళాక మేడ మెట్లెక్కడం ఉండదు, ఆ పుస్తకాలు ఉండవు అని మాత్రమే తెలుస్తోంది.

హాలు ఖాళీగా ఉంది. పక్క హాల్లో చీరల సందడి వినపడుతోంది. సుభద్ర టీచరు భోజనానికి వెళ్ళారని తలుపు దగ్గర కూర్చున్నాయన చెప్పాడు. అత్త మమ్మల్ని తిన్నగా ఆ చిత్రం ముందుకి తీసుకెళ్ళి, చూసుకోండి అన్నట్టు పక్కకి తప్పుకుంది.

నేను మొదట చూసింది నెమలికంఠం రంగు. అది గుడ్డ మీద ఉన్న రంగులా లేదు, అప్పుడే విసిరేసినట్టుగా ఉంది, ఇంకా కింద పడలేదు. ఆ రంగు అంచున తిరగబడ్డ పిందెలు, అవి కూడా పిందెల్లా కాకుండా పరిగెత్తే చుక్కల్లా. దాని వెనక ఒక మనిషి. మొహం లేదు. వంగిన మోకాలు, గాలిలోకి వెళ్ళిపోయిన చెయ్యి, వాల్చిన మెడ. ఎవరు చూసినా ఆడుతున్న ఆడమనిషే అంటారు. అది నేను కాదని ఎలా చెప్పాలా అని నేను వెతుక్కుంటూ, నా అలవాటు ప్రకారం మొహం చోటు వదిలేసి కాళ్ళూ, మోకాళ్ళూ, చేతులూ చూసుకుంటూ పైకి వచ్చాను. ఎడమ భుజం దగ్గర నా చూపు ఆగిపోయింది.

ఆ భుజం కిందికి దిగి ఉంది.

ఆ భుజాన్ని నేను పుట్టినప్పటి నుంచీ చూస్తున్నాను. ఆ మోకాలు రోజూ పరుపు మీద ఆనే మోకాలు. మెడ వాలింది సొగసుకి కాదు, ఎదుటి మనిషి కళ్ళ కోసం. నాట్యం అని రాసి పెట్టిన ఆ బొమ్మలో ఆడుతున్నది మా నాన్నగారు. ఆయనేమో నా పక్కనే తుండు భుజాన వేసుకుని నిలబడి, నన్ను వెతుకుతున్నారు.

చెబితే నేను బయటపడతాను, టీచరుగారు మేడ మీద ఉంటారు. కానీ ఊళ్ళో అందరూ గౌరవంగా పిలిచే మనిషితో, ఆయన చెల్లెలి ముందర, ఈ ఆడుతున్న ఆడమనిషివి నువ్వే అని ఎవరైనా ఎలా చెబుతారు? నేను నాన్నగారితో అప్పటిదాకా ఊ, అలాగేనండి తప్ప పెద్దగా మాట్లాడిన దాన్ని కాదు.

"అది నేను కాదండి నాన్నగారూ. మీరు."

అత్త నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "మతిపోయిందేంటే నీకు? మీ నాన్న చీర కట్టుకుని ఆడతాడా?"

"కట్టుకోలేదత్తా. విసురుతున్నారు."

వేలెత్తి భుజం చూపించాను. అత్త విసుక్కుంటూ చూసింది. చీర మీంచి ఆవిడ కళ్ళు మనిషి మీదికి వెళ్ళడం బహుశా అదే మొదటిసారి. చూస్తూ చూస్తూ కొంగు తీసి నోటికి అడ్డం పెట్టుకుంది. ఒకసారి బొమ్మనీ, ఒకసారి అన్నగారి భుజాన్నీ, మళ్ళీ బొమ్మనీ చూసి, వెళ్ళి గోడవారగా ఉన్న బెంచీ మీద కూర్చుంది. నాన్నగారి ఎడమ చెయ్యి మెల్లిగా గుండె దగ్గరికి వచ్చి, అక్కడ లేని చీర మడతని పట్టుకుంది. కుడి చెయ్యి కదిలి ఆగిపోయింది.

"నేనలా ఉంటానా?" అన్నారు. అడిగింది నన్ను కాదు.

తిరిగి వచ్చేటప్పుడు, ఈ మాట ఎక్కడా అనవద్దని అత్తకి చెప్పారు. ఇంటికొచ్చాక, అది మన అమ్మాయి కాదు, ఎవరో, అని అమ్మతో ఒక్క ముక్కలో తేల్చేశారు. అమ్మ నమ్మినట్టు లేదు. అత్త మొదటిరోజు మాటలు వరండాలోంచి విన్న రాంబాబు అయితే అసలే నమ్మలేదు. మేడ ఖాళీ చెయ్యమన్న మాట మళ్ళీ రాలేదు, నా చదువూ ఆగలేదు. ఆ సంబంధం జాతకాలు కుదరక తప్పిపోయింది. వాళ్ళకి ఈ బొమ్మ సంగతే తెలియదు.

సుభద్ర టీచరు వచ్చాక మేడ మీదికి పరిగెత్తి జరిగింది చెప్పాను. ఆవిడ సంతోషిస్తారనుకున్నాను.

"చెప్పేశావా? నేను రెండేళ్ళు కిటికీ రెక్క ఓరగా వేసుకుని, కొట్టు వెనక గుమ్మంలోంచి చూశాను, ఆయన తలెత్తితే పోతుందని. అయ్యో, ఇంక ఆ చెయ్యి లేవదు" అన్నారు.

నాకు అర్థం కాలేదు. మరో నాలుగు రోజుల్లో అర్థమైంది. శ్రావణంలో పెట్టుకున్న పెళ్ళికి బట్టల బేరం ఒకటి వచ్చింది. నాన్నగారు కబుర్లు చెప్పి, మోకాలు వేసి, చీర గుండెకి ఆనించుకుని కుడి చెయ్యి ఎత్తారు. చెయ్యి భుజం దాకా వచ్చి ఆగింది. ఆయన కొనేవాళ్ళ కళ్ళు చూడటం మానేసి తన చెయ్యి చూసుకున్నారు. చీర తడిబట్టలా మోకాళ్ళ దగ్గరే పడింది. ఇంకొకటి తీశారు. అదీ అంతే. ఆయన నవ్వేసి, సూరన్నని చూపించమని, వెళ్ళి గల్లాపెట్టె దగ్గర కూర్చున్నారు. నడిచే మనిషిని ఎలా నడుస్తున్నావని అడిగితే తడబడతాడని తెలుసు గానీ, ముప్ఫై ఏళ్ళుగా చేస్తున్న పని ఒక్క చూపుతో పోతుందని నాకెవరు చెప్పారు? మిగిలిన ఆషాఢమంతా ఆయన గల్లాపెట్టె దగ్గరే ఉండిపోయారు. వచ్చినవాళ్ళు సూరన్న చీరల్ని అటూ ఇటూ జరుపుకుని, మళ్ళీ వస్తామని లేచిపోయేవారు. అన్నం దగ్గర కూడా ఆయన తన కుడి చేతిని చూసుకుంటూ తినేవారు. కాలేజీ మిగిలింది, మేడ మిగిలింది, నాకు మాత్రం పుస్తకం తెరవబుద్ధి కాలేదు.

శ్రావణం వచ్చింది. వరలక్ష్మీ వ్రతానికి కొట్టు కిటకిటలాడుతుంటే నాన్నగారు ఉన్నట్టుండి గల్లాపెట్టె వదిలి పరుపు మీదికి వచ్చి మోకాలు వేశారు. చీర విచ్చుకుంది, నిలబడింది, సరిగ్గా ఒళ్ళో పడింది. రద్దీలో పడి తనని తాను మర్చిపోయి ఉంటారని నేననుకున్నాను, డైరీలో కూడా అదే రాసుకున్నాను. ఒక్క తేడా మాత్రం నాకు కనపడింది. ఇదివరకు చీర పడగానే చెయ్యి కూడా పడిపోయేది. ఇప్పుడు చీర పడ్డాక కూడా చెయ్యి విచ్చుకుని కాసేపు గాలిలో ఉండిపోతోంది. వచ్చినవాళ్ళు ఆ చేతిని చూస్తూ ఉండిపోయేవారు. మరుసటి వేసవిలో సుభద్ర టీచరుకి బదిలీ అయింది. వెళుతూ పుస్తకాలు రెండు నాకిచ్చారు. బొమ్మ సంగతి నేను అడగలేదు, ఆవిడ చెప్పలేదు.

ఇవన్నీ గిడ్డంగిలో ఆ మూట మీద కూర్చుని ఉండగా ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. ఇంతలో అమ్మ మజ్జిగ పట్టుకుని వచ్చింది. ఈ బొమ్మ ఎప్పటి నుంచి ఇక్కడుందని అడిగితే, తనకి మాత్రం ఏం తెలుసంది. మీ నాన్నగారు అప్పట్లో మధ్యాహ్నాలు భోంచేసి గిడ్డంగిలో తలుపు వేసుకునేవారు, చల్లగా ఉంటుందని నిద్రపోతున్నారనుకున్నాను అంది. "ఒక్కో రోజు లోపల పావురాలు రెక్కలు కొట్టుకున్నట్టు చప్పుడయ్యేది. పైకప్పులో దూరాయేమో చూడమని సూరన్నకి చెప్పాను కూడా" అంది.

నాకు ఆ చప్పుడేమిటో తెలిసింది. తెలిసి, మజ్జిగ గ్లాసు పక్కన పెట్టేశాను.

నాన్నగారు కొట్టు ముందు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని వడ్రంగుల పని చూస్తున్నారు. వెళ్ళి పక్కన నిలబడ్డాను. నేనేమీ అడగకముందే, నా మొహం చూసే అనుకుంటాను, మెల్లిగా చెప్పారు. ప్రదర్శన నుంచి బొమ్మలు తిరిగొచ్చాక తానే మేడ ఎక్కి టీచరుగారిని ఆ చిత్రం ఇమ్మని అడిగారట. ఆ మెట్లు ఆయన ఎప్పుడూ ఎక్కలేదు.

"చెయ్యి పోయింది కదమ్మా. ఎలా చేసేవాణ్ణో నాకు తెలిస్తేగా. తెలిసిందల్లా అందులోనే ఉంది. దాన్ని చూసే మళ్ళీ నేర్చుకున్నాను" అన్నారు.

నేను ఆయన కుర్చీ వీపు పట్టుకుని నిలబడ్డాను. శ్రావణం తరవాత పదేళ్ళూ కొట్టులో నేను చూసింది నాన్నగారి చెయ్యి అనుకున్నాను. గాలిలో విచ్చుకుని నిలిచిపోయిన ఆ వేళ్ళు సుభద్ర టీచరు కుంచె వేసినవి. ఆవిడ ఆయన్ని చూసి వేశారు, ఆయన ఆవిడ వేసినదాన్ని చూసి చేశారు, ఆ చేతిని చూసి పాలకొల్లు చుట్టుపక్కల ఎన్ని పెళ్ళిళ్ళకి చీరలు ఎంచుకున్నారో. ఎక్కడ మనిషి ఆగి ఎక్కడ బొమ్మ మొదలైందో నేను ఇంక విడదీయలేను. టీచరుగారు ఇప్పుడు ఎక్కడున్నారో తెలియదు. తెలిస్తే, ఆ చెయ్యి మీ బొమ్మలోంచే లేచిందండీ అని చెప్పాలని ఉంది.

ఇప్పుడు చీరలు ప్లాస్టిక్ కవర్లలో వస్తున్నాయి. కౌంటరు అవతల నించున్న కుర్రాళ్ళు కవరు మీంచే రంగు చూపించి పక్కకి తోస్తారు. మడత విప్పితే మళ్ళీ పెట్టడం కష్టమట. కొనేవాళ్ళకీ కూర్చునే తీరిక లేదు. రాంబాబు చేసింది తప్పని నేననను. వాడికి ముగ్గురు పిల్లలు, ఎదురుగా రెండు కొత్త కొట్లు వచ్చాయి.

వడ్రంగులు సామాన్లు సర్దుకుంటుంటే రాంబాబు ఆ చిత్రాన్ని మోసుకొచ్చి కొత్త కౌంటరుకి ఆనించాడు. "అక్కా, నీ బొమ్మ ఎక్కడ తగిలించమంటావు? పాడేసేది కాదు కదా" అన్నాడు.

"దాని బొమ్మ కాదురా అది" అన్నారు నాన్నగారు.

"మరెవరిదండి?"

నాన్నగారు లేచారు. కౌంటరు దగ్గరికి వచ్చి, కవరు చింపి ఒక చీర బయటికి తీశారు. మోకాలు ఆనించడానికి పరుపు లేదు. కొంచెం తడుముకుని, కౌంటరు చెక్కకి ఆనించారు. ఎడమ భుజం కిందికి దిగింది. చీర ఒక్కసారిగా పైకి లేచి, మడతలన్నీ విడిపోయి, కొత్త ట్యూబులైటు వెలుగులో ఒక్క క్షణం నిలబడింది. రాంబాబు చీరని చూడలేదు. బొమ్మ వంకా, నాన్నగారి వంకా, మళ్ళీ బొమ్మ వంకా చూశాడు.

గాజు మీద చీర నిలవదు. కౌంటరు మీద పడ్డ చీర జర్రున జారిపోయి మా కాళ్ళ దగ్గర కుప్పగా పడింది. దాన్ని తియ్యడానికి ఎవ్వరం వంగలేదు. నాన్నగారి చెయ్యి ఇంకా గాలిలోనే ఉంది.